జమ ఎడమ పక్క

నడినెత్తి మీద కొట్టాలా, చెవి పక్కన కొట్టాలా, అదొక్కటే ఇంకా తేల్చుకోలేదు, మిగతాదంతా తేలిపోయింది. రూళ్ళకర్ర చొక్కా లోపల పొట్టకు ఆనుకుని చల్లగా ఉంది, ఊపిరి పీల్చినప్పుడల్లా దాని కొస బొడ్డు దగ్గర గుచ్చుకుని నేనున్నాను, నేనున్నాను అంటోంది. ఆబిడ్స్ చౌరస్తా మూలన ఇరానీ హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. ఛాయ్ చెప్పాను, వచ్చింది, సాసర్లో పోసుకున్నాను, తాగలేదు, మీద తెట్టె కట్టింది. బయట ముసురు. పెద్ద పోస్టాఫీసు ముందు నుంచి గొడుగులు, టాంగాలు, సైకిళ్ళు. వామన్‌రావు రోజూ ఈ వేళకే ఉస్మాన్‌గంజ్ నుంచి వచ్చే బస్సు దిగి, ఈ హోటల్ ముందు నుంచే నాంపల్లి స్టేషన్ రోడ్డు పట్టుకుని ఇంటికి నడుస్తాడు. వాడి సందు మొదట్లో దీపాలు పెట్టే వేళకు మనుషులుండరు. ఈ నలభై ఎనిమిది శ్రావణంలో అసలే ఉండరు, పొద్దుగూకకముందే దుకాణాలు మూసేస్తున్నారు, రోజుకొకడు ఊళ్ళో ఎక్కడో ఒకచోట పడి ఉంటున్నాడు, ఎవరు కొట్టారని అడిగే నాథుడు లేడు. ఇవాళ ఇంకొకడు పడతాడు. నాకు లెక్కలు నేర్పిన వామన్‌రావు పడతాడు. ఆ తరవాత నేను తప్పించుకుంటానా, దొరికిపోతానా, అది నాకు అక్కర్లేదు. వాడి తల వెలక్కాయ పగిలినట్టు పగలాలి, ఆ చప్పుడు నేను నా చెవులతో వినాలి.

పొద్దున కాలేజీ బోర్డు మీద నా పేరు ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. ప్రేమ్‌రాజ్, తండ్రి ఆనంద్ పాల్. కొట్టేసిన గుమాస్తా ఎంత విసురుగా గీశాడంటే గీత నా పేరు దాటి నాన్న పేరు మీద నుంచి కూడా పోయింది. చచ్చిపోయిన మనిషిని మళ్ళీ కొట్టడం దేనికి? బళ్ళో బుక్‌కీపింగ్ చదవకుండా బీకాంలో చేరినవాళ్ళకు ఒక షరతు ఉంది, ఏడాది తిరిగేలోగా ఆ మొదటి లెక్కల పేపరు విడిగా రాసి గట్టెక్కాలి, ఎక్కకపోతే పేరు తీసేస్తారు, మళ్ళీ రాయనివ్వరు. మెదక్ అవతల మా మిషన్ బళ్ళో బుక్‌కీపింగ్ ఎక్కడిది? పాటలు నేర్పారు, ఇంగ్లీషు నేర్పారు, వెనక షెడ్డులో వడ్రంగం నేర్పారు. చిత్రిక పట్టడం వచ్చు, తరిణె మీద కర్రను గుండ్రంగా తియ్యడం వచ్చు, పద్దు రాయడం రాదు. కాలేజీలో లెక్చరర్ సాహెబ్ మొదటి రోజే, ఇదంతా మీరు బళ్ళో చదివిందే కదా అని పుస్తకంలో సగం తిప్పేసి కంపెనీల లెక్కలు ఎత్తుకున్నాడు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఆ ఊపిన తలను ఇప్పుడు గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది. ముందు బెంచీలో ప్రహ్లాద్, ఉస్మాన్‌గంజ్ బియ్యం వ్యాపారుల కొడుకు, వెనక్కి తిరిగి నా నోట్సు చూసి, "ఏంది భాయ్, గిది లెక్కనా, ముగ్గేసినవా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఎద్దు పుండు కాకికి ముద్దా. ఆ రోజే వాడి పళ్ళు రాలగొట్టి ఉంటే నా కోపం కొంత అక్కడ ఖర్చయిపోయి ఉండేది, ఇవాళ్టికి ఇంత మిగిలి ఉండేది కాదు.

బోర్డు చూసి తిన్నగా లెక్చరర్ సాహెబ్ గదిలోకి పోయాను. ఆయన నా జవాబు కాయితాలు తీసి బల్ల మీద పరిచాడు. చెడ్డవాడు కాదు, నన్ను చూసి జాలిపడ్డాడు, ఆ జాలికే నాకు ఒళ్ళు మండింది. "ఏంది మియా, అద్దంల చూసుకుంట రాసినవా?" అన్నాడు. "కూడికలన్ని సహీ ఉన్నయి. రెండు దిక్కుల మొత్తం బరాబర్ కలిసింది. గని ఒక్క ఖాతా గూడ సీదా లేదు. ఇటుది అటు రాసినవు, అటుది ఇటు రాసినవు." రెండు వైపులా కలిసింది కద సార్ అన్నాను. "అంతా తిరగేసి రాస్తే కలవకేం చేస్తది? కలిసినంత మాత్రాన ఒప్పయితదా?" అన్నాడు. కాయితాలు మళ్ళీ కట్టలో పెట్టేశాడు. నేను బయటికొచ్చి వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాను. కలిసినంత మాత్రాన. అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. వామన్‌రావు నాకు నేర్పింది షావుకార్ల పద్ధతి, వాడి తాతలు కొట్లల్లో గద్దీ పరుపుల మీద కూర్చుని ఎర్ర అట్ట పుస్తకాల్లో రాసిన పద్ధతి. ఒక మనిషి మనకు ఇచ్చింది జమ, అది ఎడమ పక్క. మన దగ్గర తీసుకున్నది కుడి పక్క. కాలేజీలో అడిగే ఇంగ్లీషు పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు, తీసుకున్నది ఎడమ, ఇచ్చింది కుడి. అంతే తేడా. బళ్ళో నాలుగు రోజులు చదివిన కుర్రాడికి కూడా తెలిసే తేడా. ఆ తేడా నా ఏడాదిని మింగేసింది, నా పేరును మింగేసింది.

నాకు తెలియక కాదు. తెలిసింది, అడిగాను కూడా, నా కడుపుమంట అదే. నాంపల్లి సందులో వాడి మేడ మీద గది, చాప మీద వరసగా నాలాంటి బడి లెక్కల్లేనివాళ్ళం, ఎదురుగా వాలుబల్ల వెనక వామన్‌రావు, నల్ల టోపీ, చెవి మీద పెన్సిలు. పగలు ఉస్మాన్‌గంజ్‌లో ఒక కొట్టుకు పద్దులు రాసేవాడు, పొద్దుగూకితే మాకు నేర్పేవాడు, మేమే వాడి మొదటి శిష్యులం. వాడి గదికి ఒక కట్టుబాటు ఉంది. తప్పు చేసినవాడు లేచి వచ్చి కుడి చెయ్యి వాలుబల్ల మీద బోర్లా పెట్టాలి. రూళ్ళకర్రతో వేళ్ళ మీద ఒక దెబ్బ. దెబ్బ పడ్డాక చెయ్యి వెనక్కి లాక్కోకూడదు, వామన్‌రావు "తియ్యి" అనేదాకా అక్కడే ఉంచాలి. ముందే తీస్తే ఇంకొకటి. ఒక్కోసారి ఆ తియ్యి అనడానికి ఎంత తాత్సారం చేసేవాడంటే నొప్పి కంటే ఆ మాట కోసం చూడడం ఎక్కువ బాధ పెట్టేది, కుక్కలాగా వాడి నోటి వంక చూసేవాళ్ళం. నేను కొన్న ఇంగ్లీషు పుస్తకాన్ని మొదటి రోజే మూసెయ్యమన్నాడు, ముందు చెయ్యి నేర్వాలె, అటెంక కండ్లు అన్నాడు. సరేనన్నాను. కానీ ఒక రాత్రి హాస్టల్లో తెరిచి చూశాను, ఎడమ ఉండాల్సింది కుడి పక్క ఉంది. మర్నాడు పుస్తకం పట్టుకుపోయి చూపించాను. "సార్, దీంట్ల ఇటు దిక్కున్నది" అన్నాను. అందరి ముందూ అన్నాను, అది నా తప్పేమో. వామన్‌రావు పుస్తకం వంక చూడనైనా చూడలేదు. "గీ బుక్కు రాసినోడు ఎన్నడన్న గద్దీ మీద కూసున్నడా? నాకు చెప్తున్నవా? పెట్టు చెయ్యి." పెట్టాను. ఆ దెబ్బకు నడిమి వేలు విరిగింది. వెదురు పుల్ల మీద కాలేసినట్టు చిన్న చప్పుడు. చెయ్యి తియ్యలేదు నేను. తియ్యి అనేదాకా ఉంచాను. అనిపించుకుని, అదే వేలితో, వాచిపోతున్న వేలితో, జమ ఎడమ పక్క రాశాను. ఒప్పు చెప్పినందుకు కొట్టాడు, కొడితే నేను నా కళ్ళతో చూసిన ఒప్పును వదులుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాడంటే, నేను నాలుగో కాలు నా చేత్తోనే నరికేశాను. ఇంతకన్నా సిగ్గు ఉంటుందా? వాడి తల పగలగొట్టకుండా ఈ సిగ్గు పోతుందా?

వేలు వంకరగా అతుక్కుంది. ఇప్పుడు సాసరు పట్టుకుంటే నడిమి వేలు పక్కకు తిరిగి, ఎవరో వెనక నుంచి పిలిస్తే చూస్తున్నట్టు ఉంటుంది. నాన్న ఉంటే ఇలా అతకనిచ్చేవాడా. నాన్న దవాఖానలో కట్లు కట్టేవాడు. ఆ మిషన్ దవాఖాన ఉన్న ఊరి పేరు నా నోటితో అనను. ఎక్కడెక్కడి నుంచో విరిగిన కాళ్ళూ చేతులూ బండ్ల మీద వచ్చేవి, డాక్టరు సర్దితే నాన్న కట్టేవాడు, కొన్ని డాక్టరు లేకుండానే కట్టేవాడు. నా చిన్నప్పుడు సాయంత్రం మెట్ల మీద కూర్చుని నా వేళ్ళ మీదే నేర్పించాడు, "వేలు ఇరిగితె ఒక్కదాన్నే కట్టొద్దు బిడ్డా, పక్క వేలును జోడియ్యాలె, నడుమ గుడ్డ పెట్టాలె, అది దీన్ని సీదా పట్టుకుంటది" అనేవాడు. పెన్సిలు ముక్క పెట్టి కట్టి, విప్పి, మళ్ళీ కట్టించేవాడు. అంత మంచి చేతికి బహుమానంగా స్టోరు తాళాలు ఇచ్చారు. కట్లు కట్టే చేతికి కలం ఇచ్చారు. దూది, స్పిరిటు, దీపాల నూనె, ఏది ఎప్పుడొచ్చిందో, ఎవరికిచ్చాడో నాన్నకు నోటికి వచ్చు, రాయడం రాదు. ఏడాది చివర తేడా వచ్చింది. స్టోరు మీది అధికారి వరండాలో రోగులందరి ముందూ రిజిస్టరు ఎత్తి నాన్న మొహాన కొట్టాడు. అట్ట మూల కనుబొమ్మ మీద తగిలి చీరింది, రక్తం కంట్లోకి, మీసంలోకి కారింది. దొంగ అన్నారు. నాన్న చెయ్యెత్తలేదు, పంపు దగ్గరికి పోయి కడుక్కుని తన కనుబొమ్మ తానే కట్టుకున్నాడు. నేను చెక్క గేటు పట్టుకుని చూస్తున్నాను. ఎందుకు ఊరుకున్నావు? స్టోరు గదిలో కత్తెరలున్నాయి, నీ చేతికి అందేంత దూరంలో ఉన్నాయి, ఎందుకు ఊరుకున్నావు? దొంగ అన్న మాట మోసుకునే పోయాడు, పెట్టెలో పెట్టి మేకులు కొట్టినప్పుడు దాన్ని కూడా లోపల పెట్టే కొట్టాం. అందుకే బీకాం. ఎవరెంత చెప్పినా, బళ్ళో చదవని చదువు నీకెందుకురా, టీచరు పని చూసుకోరాదా అని పాస్టరుగారు కూడా అన్నా, అందుకే బీకాం. నా మొహాన ఎవడూ రిజిస్టరు విసరకూడదని. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, ఇప్పుడు గుమాస్తా గీతతో నన్నూ కొట్టారు, నాన్ననూ కొట్టారు.

బస్సు వచ్చింది. దిగినవాళ్ళలో నల్ల టోపీలు రెండు, రెండూ వాడివి కావు. సగం లేచినవాణ్ణి మళ్ళీ కూర్చున్నాను. పొట్ట మీద రూళ్ళకర్ర వెచ్చబడింది, నా ఒంటి వేడి దానికి పట్టింది. ఇది నేను చేసిందే, అదింకో నవ్వులాట. ట్యూషన్‌లో చేరిన కొత్తలో గురుదక్షిణ అనుకుని, సెలవుల్లో మిషన్ షెడ్డుకు పోయి, చండ్ర చేవ దుంగ ఏరి, తరిణె మీద తీసి, గాజుపెంకుతో గీకి, నూనె పట్టించి తెచ్చాను. పద్దుల పుస్తకంలో గీతలు గియ్యడానికి దీనంత నిండుగా దొర్లేది ఆబిడ్స్ దుకాణాల్లో కూడా దొరకదు. వామన్‌రావు చేతిలో పట్టుకుని దొర్లించి చూశాడు, మురిసిపోయాడు, "అరె, ఏం పని చేసినవ్ రా పోరడా" అన్నాడు, నా భుజం తట్టాడు. ఎవరూ నన్ను మెచ్చుకోని ఊళ్ళో ఆ ఒక్క మాటకు నేను వారం రోజులు గాలిలో నడిచాను. ఆ కర్రతోనే నా వేలు విరగ్గొట్టాడు. మధ్యాహ్నం వాడింటికి పోయాను, అక్కడే ఉంటే అక్కడే కొట్టేద్దామని. వాడు లేడు. వాడి భార్య వసుమతమ్మ మెట్ల మీద తడిసి నిలబడ్డ నన్ను చూసి, "సారు రాలె బిడ్డా, ఇయ్యాల్ల ఎటో పోయేదున్నదన్నడు, లోపట కూసో" అని రాగి చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. తాగాను. ఆమె చెంబు లోపల పెట్టి వచ్చేలోగా వాలుబల్ల మీద నుంచి రూళ్ళకర్ర తీసి చొక్కాలో దోపుకున్నాను. దాహం తీర్చిన చేతికి పసుపు అంటి ఉంది, నుదుట ఇంత బొట్టు. అది ఇప్పుడు తలుచుకోవద్దు. ఏడిస్తే ఏడవనీ. మా అమ్మ ఏడవలేదా?

పోస్టాఫీసు ముందు లారీ ఒకటి కీచుమంటూ ఆగింది, పదిమందో ఇరవైమందో, చేతుల్లో కర్రలు, అడ్డంగా వచ్చిన ఒక సైకిలు మనిషిని కాలర్ పట్టుకుని దింపారు. ఏం చేశాడో, ఎవడో, ఎవరికీ తెలియదు, వాళ్ళకు కూడా తెలిసినట్టు లేదు. హోటల్లో గల్లా దగ్గర ఇరానీ ముసలాయన లేచి ఒక తలుపు మూశాడు. బల్లల దగ్గరివాళ్ళు ఛాయ్ వంక చూడడం మొదలుపెట్టారు. నేను చూశాను. మొదటి కర్ర భుజం మీద పడింది, రెండోది వీపు మీద, మనిషి వంగి సైకిలు సీటును కావలించుకున్నాడు. ఒక్కో దెబ్బ పడినప్పుడల్లా నా కుడి చెయ్యి చొక్కా మీద నుంచి కర్రను పిసుకుతోంది, నోట్లో నీళ్ళూరాయి, అవును, నీళ్ళూరాయి, అబద్ధం ఎందుకు. ఆ కొడుతున్నవాళ్ళెవరో నాకు గిట్టరు, ఆ పడుతున్నవాడు నాకేమీ కాడు, అయినా ఇంకా కొట్టండి, ఇంకా అని లోపల ఎవడో అరుస్తున్నాడు, వాడు నేనే. చివరికి విసుగొచ్చి వాళ్ళే లారీ ఎక్కి పోయారు. సైకిలు మనిషి లేచి నిలబడి ముందు సైకిలు చూసుకున్నాడు, చక్రం తిరుగుతుందో లేదో తిప్పి చూశాడు, నెత్తురు కారుతున్న చేత్తోనే గొలుసు ఎక్కించుకున్నాడు. జనం మళ్ళీ నడిచారు. ఇంతేనన్నమాట. ఒక మనిషి పడితే ఊరు ఇంతసేపే ఆగుతుంది. భయం లేదు. నాకు భయం లేదు.

ఆ వేళ వరకూ ఉస్మాన్‌గంజ్ బస్సులు ఆగేవైపే చూస్తున్నానా, వామన్‌రావు నా వెనక నుంచి, బషీర్‌బాగ్ వైపు నుంచి వచ్చాడు. కిటికీ ముందు నుంచే పోయాడు, చెయ్యి చాపితే అందేంత దగ్గర. గొడుగు లేదు, షేర్వానీ వీపంతా తడిసి నల్లబడింది, టోపీ అంచు నుంచి నీళ్ళు. వాడిది వడివడి నడక, ఇవాళ కాళ్ళీడ్చుకుంటూ పోతున్నాడు. ఆ వైపు వాడికేం పని? ఏమైతే నాకేం. ఛాయ్ డబ్బులు బల్ల మీద పడేసి లేచాను. స్టేషన్ రోడ్డు మీద పది బారల వెనక నేను, ముందు వాడి మెడ. టోపీకీ కాలరుకూ మధ్య తడిసిన మెడ, మధ్యలో గుంట. ఇక్కడా? ఇక్కడ టాంగాలున్నాయి. స్టేషన్‌లో ఇంజను కూత పెట్టింది, బొగ్గు పొగ ముసురులోకి పైకి పోలేక రోడ్డు మీదే పరుచుకుంది, దర్గా వైపు నుంచి ఊదు వాసన, పకోడీల బండి వాడు గుడ్డ కప్పి పొయ్యి ఆర్పుతున్నాడు. చిన్నప్పుడు నాన్న మొదటిసారి పట్నం తెచ్చినప్పుడు ఈ స్టేషన్‌లోనే దిగాం, జారిపోతానని నా మణికట్టు పట్టుకున్నాడు, వేళ్ళు కాదు, వేళ్ళు పట్టుకుంటే గుంజినప్పుడు సడలుతాయి అన్నాడు. ఇప్పుడా ఆ సంగతి? ప్రార్థన చేద్దామనుకున్నాను, ఏమని చేస్తాను, ప్రభువా, దెబ్బ గురి తప్పకుండా చూడమనా? నడినెత్తి మీదే కొడతాను. తేలిపోయింది. వాడు సందులోకి తిరిగాడు. నేను కర్ర బయటికి తీశాను, ముసురుకు తడిసి చేతిలో జారుతోంది, రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఎనకంగ ఎందుకు? ముందటికి రా." వామన్‌రావు తిరగలేదు. మూసి ఉన్న దుకాణం అరుగు ముందు ఆగి, అటే చూస్తూ అన్నాడు. "హోటల్ల కూసున్నప్పుడే చూసిన. పొట్ట మీదికెంచి చెయ్యి తీస్తలేవు. ఏమున్నదో ఎరుకే."

ముందుకు వచ్చాను. వాడి మొహం ఇంత చిన్నదని ఇన్నాళ్ళూ చూడలేదు, వాలుబల్ల వెనక పెద్దగా ఉండేది.

"కాలేజీ దాక పోయి వస్తున్న" అన్నాడు వామన్‌రావు. "బోర్డు చూసిన. నా తాన చదివినోళ్ళందరి పేర్ల మీద ఎర్రగీతలే. నమ్మబుద్ధి కాలె. లోపటికి పోయి ఆ సారును అడిగిన, మా పోరగాండ్లు ఏం తప్పు చేసిన్రని. ఆయన ఒకరి కాయితాలు తీసి చూపెట్టిండు. నీయే. ఏ దిక్కు ఏది రాయాలెనో గప్పుడు చెప్పిండు. ఆనాడు నువ్వు అడిగినవు గద."

"అడిగిన."

"నువ్వన్నదే సహీ."

ఏడాదిగా ఆ మాట కోసం చూశాను, వింటే చల్లారుతుందనుకున్నాను. పుండు మీద కారం పోసినట్టయింది. ఇప్పుడా చెప్పేది? ఈ అరుగు దగ్గరా? అందరి ముందూ కొట్టి, ఎవరూ లేనిచోట ఒప్పుకుంటావా? "నా పేరు వాపస్ వస్తదా సార్?" అని అరిచాను. సందంతా మోగింది. ఒక కిటికీ మూసుకుంది. "మా నాయన పేరు వాపస్ వస్తదా?"

"రాదు" అన్నాడు వామన్‌రావు. "మా అయ్య నన్ను గిట్లనే కొట్టి నేర్పిండు. ఏ దిక్కు ఎందుకు రాయాలె అని నేను ఎన్నడు అడగలె. అడగనోడు పంతులైతే గింతే."

షేర్వానీ చేతిని మోచేతి దాకా పైకి తోసుకుని, వంగి, కుడి చెయ్యి అరుగు రాతి మీద బోర్లా పెట్టాడు, వేళ్ళు విడదీసి, మేం పెట్టినట్టే.

కొట్టాను. నేను తల కోసం వచ్చాను, చెయ్యి కోసం కాదు, అయినా కళ్ళెదుట చెయ్యి కనబడేసరికి కర్ర దానంతటది దిగింది, ఏడాది బలమంతా దాని వెంట దిగింది. అదే చప్పుడు. వెదురు పుల్ల మీద కాలేసినట్టు. నా వేలు విరిగినప్పుడు ఆ చప్పుడు లోపలి నుంచి విన్నాను, ఇప్పుడు బయటి నుంచి విన్నాను, రెండూ ఒకటే, రవ్వంత తేడా లేదు. వామన్‌రావు మోకాళ్ళ మీద పడ్డాడు, గొంతులో ఏదో విరిగినట్టు మూలిగాడు, టోపీ ఊడి నీళ్ళలో పడింది. ఎదురుగా బట్టతల, నడినెత్తి, నేను మధ్యాహ్నం నుంచీ తలుచుకున్నచోటు, దాని మీద ముసురు చినుకులు. కర్ర మళ్ళీ లేచింది. ఇప్పుడు. ఇదే. కొట్టు. ఆ నెత్తి కదలలేదు. కదలకపోవడం చూసి అప్పుడు చేతి వైపు చూశాను, చెయ్యి ఇంకా అరుగు మీదే ఉంది. విరిగిన వేలు పక్కకు వాలిపోయింది, చెయ్యి తియ్యలేదు. ఎందుకు తియ్యడు? తియ్యవయ్యా, నొప్పిగా లేదా, తీసి పరిగెత్తు, అప్పుడు కొట్టగలను, వెనక నుంచి తరిమి కొట్టగలను. తియ్యడు. తల కొంచెం ఎత్తి నా నోటి వంక చూస్తున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, ఏడేళ్ళ పిల్లవాడిలాగా, ఎవరో ఎప్పుడో నేర్పిన ప్రకారం, నా నోటి వంక చూస్తున్నాడు. రెండు చేతులూ పైన ఉన్నాయి నావి. ఎంతసేపున్నాయో. ఆ మాట నేను అనకపోతే ఈ మనిషి రాత్రంతా ఇలాగే ఉంటాడు.

"తియ్యి" అన్నాను. అచ్చం ఆయన గొంతు నా నోట్లోంచి వచ్చింది. అదే కరుకు, అదే సాగదీత. నాకు నా నోరు కడుక్కోవాలనిపించింది.

తీశాడు. ఎడమ చేత్తో పట్టుకుని పొట్టలోకి ముడుచుకున్నాడు. కర్ర అరుగు మీద పడేసి ఆయన ముందు గొంతుక్కూర్చున్నాను. "ఇటియ్యి" అంటే ఇవ్వడు. "ఇయ్యి సార్, వంకర పోతది" అని మణికట్టు పట్టుకుని గుంజాను. నడిమి వేలే. రెండో కణుపు కింద. ఆయన చెవి మీద పెన్సిలు ఇంకా ఉంది, తీసి సగానికి విరిచాను, నా చేతిరుమాలు పళ్ళతో చింపాను, పక్క వేలుకూ దీనికీ మధ్య మడిచిన గుడ్డ పెట్టాను, పెన్సిలు ముక్క ఆనించి చుట్టడం మొదలుపెట్టాను. నా వంకర వేలు అడ్డం వస్తోంది, ముడి జారుతోంది. నా మీద నాకు కోపం, ఆయన మీద కోపం పోలేదు, ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉంది. దయ తలచి కడుతున్నానని ఆయన అనుకుంటాడేమోనని ఇంకా కోపం. నా వేలు ఒక్కటి చాలు, ఇంకో వేలు ఈ సందులో వంకరగా అతకడానికి వీల్లేదు, అంతే.

"ఎవరు నేర్పిన్రు నీకు?" వామన్‌రావు పళ్ళు బిగించి అడిగాడు.

"మా నాయన. దవాఖానల కట్లు కట్టేటోడు. ఆనంద్ పాల్."

ఆ పేరు ఆయన మెల్లగా ఒకసారి అనుకున్నాడు. బోర్డు మీద చూసే ఉంటాడు, గీత కింద. ఆయన ఇంటి పై కిటికీలో దీపం వెలిగింది, వసుమతమ్మ ఎవరాడ అని కేక వేసింది. చివరి ముడి వెయ్యాలి, వదులుగా వేస్తే ఎముక జరుగుతుంది, గట్టిగా గుంజి వెయ్యాలని నాన్న చెప్పాడు. గుంజాను. కావలసిన దానికంటే ఇంకాస్త గుంజాను. ఆయన గావుకేక పెట్టాడు. ఆ కేక నా చెవికి హాయిగా ఉంది. కట్టు సరిగ్గా కుదిరింది, వేలు తిన్నగా నిలబడింది, ఆ హాయి ఇంకా పోలేదు. దాన్ని ఏ పక్క రాయాలో నాకు ఎవరూ నేర్పలేదు.